గొట్టానికి ఈ చివర

బతుకు కోరేవాడు బావమరిది, చావు కోరేవాడు దాయాది అన్నారు. నీళ్లలోకి దిగే మనిషి గాలిగొట్టం ఎవరి చేతిలో పెట్టాలన్న ప్రశ్న ఆ ఇంట్లో వచ్చినప్పుడు ఈ సామెతే తీర్పు చెప్పింది. అక్క ఇంకా సూటిగా చెప్పింది: "మీ బావ ఊపిరి నీ చేతిలో పెడుతున్నానురా తమ్ముడూ. నీ చెయ్యి ఆగితే నా కాపురం ఆగినట్టే."

బావ ఓడల అడుగున, రేవుగోడ పునాదుల దగ్గర మరమ్మతులు చేసేవాడు. ఆయన తలకు రాగి టోపీ. దాన్ని చూసినవాళ్లు గుమ్మడికాయంత అనేవారు. మోసినవాళ్లు ఏమీ అనేవారు కాదు, అనడానికి ఊపిరి మిగిలితే కదా.

పైన పడవలో బావమరిది పంపు చక్రం తిప్పుతుంటే గాలి గొట్టం గుండా దిగి టోపీ వెనకనుంచి లోపలికి వెళుతుంది. ఆ ద్వారం దగ్గర ఒక తోలు రెక్క ఉంటుంది. దాన్ని దాటిన గాలి అత్తారింటికొచ్చిన కొత్తల్లుడు, రావడమే గాని వెనక్కి పోవడం తెలియదు. గొట్టం తెగినా, పంపు ఆగినా, టోపీలో ఉన్న గాలిని కాసేపు కాపాడేది ఆ రెక్కే. అది లేకపోతే చుట్టూ ఉన్న నీటి బరువు మనిషిని నలిపి టోపీలోకి ఎక్కించేస్తుంది. లోపలికొచ్చిన గాలి ముందు అద్దాల మీదుగా వీస్తుంది కాబట్టి అద్దం మసకబారదు, ముఖానికి తాజా గాలి తగులుతుంది. వాడేసిన గాలి కుడిచెవి పక్కనున్న మరో కవాటం గుండా బుడగలై పోతుంది. లోపలున్న గుండీని తలతో నొక్కితే అది బాగా తెరుచుకుంటుంది. ఆ కవాటాన్ని మరీ బిగిస్తే నీరు చొరని దుస్తులు ఉబ్బి మనిషి బెండులా పైకి తన్నుకొస్తాడు. మరీ వదులు చేస్తే దుస్తులు ఒంటికి అతుక్కుని ఊపిరి బరువెక్కుతుంది. ఇన్ని ఏర్పాట్లు చేసిన మహానుభావుడు, వచ్చే గాలి మంచిదో చెడ్డదో చెప్పే ఏర్పాటు మాత్రం చెయ్యలేదు. ఆ పని బావ ముక్కుకే వదిలేశాడు.

దానిమీదే బావాబావమరుదుల ఆట మొదలైంది. దగ్గు తెరలు వస్తున్నాయని అక్క బావ చేత చుట్ట మాన్పించింది. బావమరిదికి జాలేసింది. ఒకరోజు పంపు గాలి పీల్చుకునే మూతి దగ్గర చుట్ట పొగ ఊదాడు. కాసేపటికి, బావ నడుము నుంచి పైకొచ్చి బావమరిది ఎడమ మణికట్టుకు కట్టి ఉన్న సైగతాడు రెండుసార్లు కదిలింది. ఒకసారి లాగితే బాగున్నానని, మూడుసార్లయితే పైకి లాగమని లెక్క. రెండుకు అర్థం లేదు. ఆ రోజు నుంచి వచ్చింది: ఆపరా వెధవా, చాలు!

"మీ అక్క నా నోరు కట్టేసింది గాని గొట్టం కట్టెయ్యలేకపోయింది," అని బావ సాయంత్రం పగలబడి నవ్వాడు.

తర్వాత ఆ రోజు వచ్చింది. పక్కన పెద్ద ఓడల్ని లాగే ఒక లాగుడు పడవ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. బావమరిది అప్పుడే రెండు దమ్ములు కిందికి పంపాడు. ఈలోగా గాలి తిరిగి ఇంజను పొగను పంపు మూతి వైపు తెచ్చింది. నోట్లో చుట్ట ఉన్నవాడికి ఇంజను పొగ వాసన ఏం తెలుస్తుంది? తాడు రెండుసార్లు కదిలింది. నవ్వుకున్నాడు. మళ్లీ రెండు, ఈసారి గట్టిగా. "అబ్బో, బావకి కోపం ముక్కుమీదే ఉంది," అనుకుని ఇంకా నవ్వుకుంటూ చక్రం తిప్పాడు. మూడు లాగుళ్లు రానేలేదు. తను ఒకసారి లాగి చూస్తే జవాబు లేదు.

తమ పడవ నడిపేవాడితో కలిసి పైకి లాగి, అద్దం తీసి చూస్తే, బావ ముఖం నిద్రపోతున్న పసివాడిలా ఎర్రగా ఉంది. బతికాడు. తప్పంతా లాగుడు పడవదని తేల్చారు. సమయానికి లాగాడని బావమరిదిని పొగిడారు. అక్క అతని రెండు చేతులూ కళ్లకద్దుకుంది. ఆ చేతులతో ఆ పూట అన్నం తినలేకపోయాడు. చుట్ట మానేశాడు. "ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది నా తమ్ముడికి," అని అక్క వీధంతా చెప్పుకుంది. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి ఎవరో చెంప వాయించినట్టుండేది.

మళ్లీ పనిలో దిగే ముందు బావ అతన్ని పెరట్లోకి లాక్కెళ్లాడు. "నాకు వాసన తెలీడం లేదురా. పాలు మాడినా తెలీలేదు. బయటికి తెలిస్తే పని పోతుంది. మీ అక్కకి చెప్పకు. ఇకమీదట నా ముక్కు నువ్వే."

నువ్వే! లోకంలో మరే ముక్కూ దొరకనట్టు. ఆనాటి రెండు లాగుళ్ల సంగతి బావమరిది నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇక అతను పంపు మూతి పక్కనే ముఖం పెట్టుకుని చక్రం తిప్పేవాడు. తిండి తగ్గింది, మాట తగ్గింది.

చూసి చూసి బావ ఒకరోజు దిగబోతూ, "ముక్కు తిరిగొస్తున్నట్టుందిరా. ఇదిగో చుట్ట. కిందికి వెళ్లాక నీ ఇష్టమొచ్చినప్పుడు పొగ పంపు. పట్టుకుంటానో లేదో చూద్దాం," అన్నాడు.

బావమరిది చుట్ట చెవిమీద పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె రెండుసార్లు తీశాడు, రెండుసార్లూ చెయ్యి రాలేదు. బుడగలు నిదానంగా పైకొస్తున్నాయి.

తాడు రెండుసార్లు కదిలింది.

దగ్గర్లో ఇంజను లేదు, గాలిలో ఉప్పు తప్ప మరో వాసన లేదు. అయినా అతను నవ్వలేదు. చక్రం పడవవాడికి అప్పగించి, తాడు పట్టి ఒక్క ఊపున లాగడం మొదలుపెట్టాడు.

పడవ నిచ్చెన మీద నిలబెట్టి అద్దం తియ్యగానే బావ అరిచాడు: "ఎందుకురా లాగావ్? పొగ తెలిసిందనేగా రెండు లాగాను! అబ్బ, ఏం ఘాటు!"

బావమరిది చెవిమీది చుట్ట తీసి చూపించాడు. కొన నల్లబడలేదు.

బావ గతుక్కుమన్నాడు. "నువ్వు కుదుటపడతావని అలా లాగానురా. రోజురోజుకీ చిక్కిపోతున్నావు. అయినా, రెండు లాగితే నువ్వు నవ్వుకోవాలి గాని..."

"ఆ రోజు నవ్వుకున్నాను బావా," అన్నాడు బావమరిది. "రెండుసార్లు లాగావు. మళ్లీ రెండుసార్లు లాగావు. నేను నవ్వుతూనే ఉన్నాను."

నీళ్లు కారుతున్న రాగి టోపీతోనే బావ చెయ్యి చాపి చుట్ట తీసుకుని, నలిపి, అద్దం తీసిన సందులోంచి ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాడు.

"ఏ వాసనా తెలీడం లేదురా," అన్నాడు. చుట్ట నీళ్లలో పడేశాడు. "ఈ టోపీ తియ్యండి, ఇంటికి పోదాం. మీ అక్కకి ముందు నీ సంగతి చెబుతావా, నా సంగతి చెప్పమంటావా?"

"నాదే," అన్నాడు బావమరిది, మణికట్టు మీది ముడి విప్పుకుంటూ.