కొలత లేని అర్జీ

రెండు వేల తొమ్మిదిలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో ఎక్కాను. చేతిలో అట్ట, దానిమీద ఢిల్లీకి పంపాల్సిన అర్జీ. భూమిని వేడెక్కించే పొగలు తగ్గించడానికి దేశం గట్టి లక్ష్యం పెట్టుకోవాలని మా కాలేజీ పిల్లలం సంతకాలు పెట్టిస్తున్నాం. శిరివెళ్ల రాకముందే ముప్పై సంతకాలు! నా కాళ్లు నేల మీద ఆనడం లేదు.

చివరి సీట్లో ఒకాయన. బట్టలనిండా రాతిపొడి, చెవి మీద పెన్సిలు. బేతంచెర్లలో నాపరాళ్లు కోస్తాడట. అర్జీ చదవమన్నాడు.

"మన దేశం వీలైనంత పొగ తగ్గించాలి" అని గొంతెత్తి చదివాను.

"వీలైనంత అంటే ఎంతప్పా?"

కాగితం కిందిదాకా వెతికాను. అంకె ఎక్కడా లేదు.

"వీలైనంత బండ కొయ్యమంటే మేం మిషనే ఎయ్యం. కొలత చెప్పాల. ఎప్పటికి కావాల్నో చెప్పాల." చెవి మీది పెన్సిలు తీసి, బండ మీద గీసినట్టే ఆ మాట మీద తిన్నగా గీత కొట్టాడు. "ఎంతో రాయి. ఏ యేటికో రాయి. నేను శిరివెళ్లలో దిగుతాండా, బేగా!"

కొత్త కాగితం తీసి, ఊగే బస్సులో "పదిహేనేళ్లలో సగానికి" అని రాశాను. ఆయన దాని కింద మొదటి సంతకం పెట్టి దిగిపోయాడు.

పాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, డ్రైవరు వెనక సీటు నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

"ఇందాకనే పెట్టినా గదప్పా" అంది ఒకామె.

"ఇందాక కొలత లేదమ్మా" అన్నాను.