గాలయ్య పాతని గుంజ

ముందు పలక మీద మనిషి లేకపోతే మోటరు పడవ ముక్కు నీళ్ల మీదికి లేస్తుంది. వెనక మోటరు బరువు, దాని పక్కన గాలయ్య బరువు. ముందు ఎవరూ లేరు. ఈ వేసవిలో గాలయ్య ఆ లేచిన ముక్కును చూస్తూనే పెద్దమ్మ చెరువులో తిరుగుతున్నాడు. ఇసుక సంచి ఒకటి పెట్టుకొమ్మని భార్య యాదవ్వ చెప్పింది. అతడు పెట్టలేదు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు వచ్చే అడ్డదారిలో, కొత్త కాలనీల గోడల వెనక ఉంది ఆ చెరువు. గాలయ్య పదకొండో ఏట దానిలో వల పట్టాడు. ఇరవయ్యేడేళ్లుగా అతడి జతగాడు బక్కయ్య. వాళ్లది చుట్టరికం కాదు, అయినా ఒకరినొకరు బావా అనే పిలుచుకున్నారు. థర్మాకోల్ తెప్ప మీద మొదలుపెట్టి, లారీ ట్యూబుల మీద కొన్నాళ్లు తేలి, మత్స్యకారుల సంఘం చెక్కపడవ దాకా వచ్చారు. గాలయ్య వెనక కూర్చుని నీటిని చదివేవాడు. బక్కయ్య ముందు కూర్చుని వల వదిలేవాడు. బక్కయ్యది ఎడమచేతి వాటం. అతడు వేసే ముడి లోకమంతా వేసే ముడికి ఎదురు తిరిగి ఉంటుంది. సంఘంలో ఆ ముడిని కత్తి లేకుండా విప్పగలిగినవాడు గాలయ్య ఒక్కడే.

ఆ చెరువుకు ఒక చట్టం ఉంది. ఏ గెజిట్‌లోనూ అచ్చు కాలేదు, కానీ గాలయ్య ఎరిగినంతలో ఎవరూ ఉల్లంఘించలేదు. వైశాఖంలో నీరు తగ్గి తగ్గి, తూము ముందరి లోతులో ఓ ముద్దలా మిగిలినప్పుడు, గుడ్లు మోసే తల్లిచేపలన్నీ అక్కడికే చేరతాయి. అప్పుడు సంఘంలో పెద్ద జత, కొన్నేళ్లుగా గాలయ్యా బక్కయ్యా, ఆ మిగిలిన నీటి చుట్టూ వెదురు గుంజలు పాతుతుంది. ఒకడు మోకాలి లోతులో నిలబడి గుంజను నిటారుగా పట్టుకోవాలి, రెండోవాడు పడవలో నుంచి చెక్కసుత్తితో కొట్టాలి. ఒంటరిగా పాతిన గుంజ చెల్లదు. గుంజలు పడిన రోజున ఊళ్లోని వలలన్నీ దండేలకు ఎక్కుతాయి. వానలకు కొత్తనీరు వచ్చి, పెరిగి, ఆ గుంజల తలలు మునిగిన రోజున మళ్లీ దిగుతాయి. మునగడం కోసమే పాతే గుంజలవి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే జరిగిన మోసం ఎంతటిదో తెలుస్తుంది.

మోటరు పడవను తెచ్చినవాడు సుధీర్. చెరువు పక్కన వెంచర్ వేస్తున్న కంపెనీ మనిషి. మాట మెత్తన, చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ మడతల్లోనే. "మా తరఫున సంఘానికి చిన్న కానుకండీ, గాలయ్యగారూ. ఈ వయసులో మీరు తెడ్డు వేస్తుంటే చూడలేకపోతున్నామండీ," అన్నాడు. పడవకు పసుపు కుంకుమ పెట్టారు. మొదటి రోజున గాలయ్య దాన్ని నేరుగా తుంగలోకి తోలాడు. గట్టు మీద నుంచి చూసిన యాదవ్వ ఆ సాయంత్రమంతా వదల్లేదు.

"చేపలు బట్ట తోలినవా, గడ్డి గోయ తోలినవా?"

"మోటరు కొత్తది. మాట ఇంటలేదు."

"ముప్పై ఏండ్ల సంది నేను జెప్తే నువ్విన్నవా? ఇప్పుడు తెలుస్తాంది నీకు."

వారంలో చేయి తిరిగింది. నిజం చెప్పాలంటే, గాలయ్యకు ఆ పడవ మీద మోజు కలిగింది. మోకాళ్ల నొప్పి తగ్గింది. అవతలి ఒడ్డుకు అరగంట పట్టేది ఇప్పుడు బీడీ సగం కాలేలోపే. ఇచ్చినవాడు మళ్లీ ఏమీ అడగకపోవడం గాలయ్యకు మంచితనంగా కనిపించింది.

కిందటి వైశాఖంలో గుంజలు పాతే రోజున సుధీర్ తానూ వస్తానన్నాడు. చేతిలో ఫోనంత యంత్రం. ఎన్ని చేపపిల్లలు వదలాలో తెలియాలంటే నీటి కొలత కావాలన్నాడు. గుంజలను చూసి గాలయ్య ఆశ్చర్యపోయాడు. వెదురు వెదురంతా ఎర్రరంగు.

"ఇదేంది బావా, పెండ్లికి పందిరేస్తున్నమా?"

"మోటరు పడవకు దూరంకెల్లి అగుపడాలె గద," అన్నాడు బక్కయ్య, తల ఎత్తకుండానే.

నీళ్లలో నిలబడి బక్కయ్య పట్టుకున్నాడు, పడవలో నుంచి గాలయ్య కొట్టాడు. పడవ మధ్యలో కూర్చుని సుధీర్ ఫొటోలు తీశాడు. చివరి గుంజ పడ్డాక బక్కయ్య పడవెక్కి, "గుంజల పొంటి ఒక సుట్టు తిప్పు బావా. నిమ్మలంగ. గుంజలకు ఆనుకొనే పోనీ," అన్నాడు. ఇరవయ్యేడేళ్లలో బక్కయ్య పడవ ఎలా నడపాలో గాలయ్యకు చెప్పడం అదే మొదలు. వింతగా తోచింది, కానీ తిప్పాడు. సుధీర్ ఒళ్లోని యంత్రం చిన్నగా కూస్తూ ఉంది.

మాఘంలో నీరు వెనక్కు తగ్గుతుంటే, ఆ వెనకే టిప్పర్లు వచ్చాయి. తొలకరికి చేపలు గుడ్లు పెట్టే పల్లపు గడ్డి మీద ఎర్రమట్టి పోశాయి. చెరువుకే చెందిన నలభై ఎకరాల శికం భూమి అది. ఆరు నెలలు నీరు, ఆరు నెలలు గడ్డి. గాలయ్య తహసీలు ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాడు. నాలుగుసార్లూ ఒకే జవాబు: అది చెరువు కాదు, పట్టా.

కాగితాలు బయటికి తీసింది జబీన్. చెరువు కింద కూరగాయలు పండించే అల్లావుద్దీన్ కూతురు, లా చదివి కోర్టుకు వెళుతున్న పిల్ల. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, రెండు నెలలు వెంటపడి, ఫైలు నకలు తెచ్చింది. శామీర్‌పేట బస్టాండు పక్కన హోటల్లో బల్ల మీద పరిచి ఒక్కో పేజీ తిప్పింది.

"కాకా, ఇది పద్నాలుగో పేజీ. ఫొటోల ఉన్నది నువ్వే గదా?"

పడవలో సుత్తి ఎత్తిన తానే. కింద, నీళ్లలో, ఎర్ర గుంజను పట్టుకున్న బక్కయ్య.

"పదిహేనో పేజీల మ్యాపు. పడవ తిరిగిన గీత ఇది, జీపీఎస్ మిషన్ల నుంచి తీసింది. దీనికి బయట ఉన్నదంతా చెరువు కాదని రాసిన్రు. ఎందుకంటే చెరువు హద్దును మత్స్యకారులే, వాళ్ల చేతులతోనే, ఏటా పాతుతరట. పదహారో పేజీల సంఘం వాంగ్మూలం."

"ఎవ్వరిచ్చిన్రు బిడ్డా, వాంగ్మూలం?"

జబీన్ కాగితాన్ని అతడి వైపు తిప్పింది. గాలయ్యకు చదువు రాదు. కానీ కాగితం అడుగున ఉన్న సంతకం కుడి నుంచి ఎడమకు వాలి ఉండడం చూశాడు. ఎడమచేతితో పెట్టిన సంతకం. చాయ్ చల్లారిపోయింది. ఆ ఎర్రరంగు ఎవరికి కనబడడానికి వేశారో, ఆ నిమ్మళపు చుట్టు ఎందుకు తిప్పించారో, బల్ల ముందు కూర్చున్న చోటే ఒక్కొక్కటిగా అర్థమయింది. సంఘాన్ని వాళ్లు మోసం చేసి ఉంటే తట్టుకునేవాడు. గీత గీసింది మాత్రం తన చేయి. మోటరు పిడి పట్టుకున్న ఈ చేయి.

బక్కయ్య ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. గాలయ్య నిలబడే అడిగాడు.

"ఎంతకాలం సంది తెలుసు నీకు?"

బక్కయ్య సూది ఆపలేదు. "కూసో బావా."

"కూసునుటానికి రాలె."

"చెరువు ఎట్లైనా పోతది. సూరారం దిక్కు పోలేదా, గాజులరామారం దిక్కు పోలేదా? మనం వద్దంటే ఆగినయా? పొయ్యేటిదాంట్ల మనకింత జాగ మిగిలితే తప్పేంది? కంపెనోళ్లు అరవై గజాలిస్తమన్నరు. నీకు గూడ అడిగిన."

"నాకు జెప్పకుంటనే అడిగినవా?"

"నీకు జెప్తే నువ్వు సుత్తి పట్టేటోనివా? నేనొక్కన్ని పాతితే ఎవ్వడు నమ్ముతడు? గుంజంటే ఊరికి నీ గుంజనే."

తిట్టిపోయడానికి వచ్చిన గాలయ్య ఆ మాటతో వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్ల తన నిజాయితీకి మార్కెట్లో ఉన్న విలువ అతడికంటే ముందు అతడి జతగాడికి తెలిసింది.

జబీన్ అభ్యంతరం దాఖలు చేసింది. వాదన సూటిగా ఉంది: ఏటా నీట మునగాలనే ఉద్దేశంతో పాతిన గుంజ చెరువుకు హద్దు కాజాలదు, అది మునిగితేనే దాని పని పూర్తవుతుంది, కాబట్టి దాని అవతల నీరుంటుందనడానికి ఆ గుంజే సాక్ష్యం. వానాకాలంలో, చెరువు నిండినప్పుడు తనిఖీ చేయాలని కోరింది. అధికారులు తనిఖీకి ఒప్పుకున్నారు. తేదీ మే నెలలో వేశారు. నీటిహద్దును నీరు లేని నెలలో చూడాలని నిర్ణయించిన అధికారి, ఆ ఉత్తర్వులో దానికి ఒక్క కారణమూ రాయలేదు.

సరిగ్గా గుంజలు పాతే వారం. గాలయ్య నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. గుంజ పాతితే, అధికారి కళ్లముందే మరోసారి సాక్ష్యం ఇచ్చినట్టు. పాతకపోతే, వలలకు అడ్డు లేదు. మిగిలిన ఆ ముద్ద నీటిలో తల్లిచేపలన్నీ పోతాయి. చేపలను కాపాడితే చెరువు పోతుంది, చెరువును కాపాడితే చేపలు పోతాయి. ఇంత పకడ్బందీగా తనను బిగించింది శత్రువైతే మెచ్చుకునేవాడు కూడా.

తనిఖీ రోజున ఉదయం పదింటికి అధికారి గొడుగు కింద నిలబడ్డాడు. పక్కన సుధీర్, చేతిలో ఫైలుతో జబీన్, గట్టు మీద సంఘం వాళ్లు. బక్కయ్య అప్పటికే నీళ్లలో ఉన్నాడు, ఎర్ర గుంజను నిటారుగా పట్టుకుని.

"ఏం పెద్దాయనా, ఏటా పాతే చోటనే పాతండి. మేము రాసుకుంటాం," అన్నాడు అధికారి.

"సార్, ఇవి హద్దు గుంజలు గావు. వానకు మునుగుతయ్. మునిగినంక తీసేస్తం."

"మునిగాక తీసిన ఫొటో ఏమైనా ఉందా?"

"మునిగినదాన్ని ఫొటో ఎట్ల దీస్తరు సార్?"

గట్టు మీద నవ్వులు లేచాయి. అధికారి నవ్వలేదు. "ఆధారం లేదు" అని రాసుకోబోతుంటే జబీన్ అడ్డుపడింది. "ఆయన చెప్పింది చెప్పినట్టే రాయండి సార్. మునుగుతయని, మునిగినంక తీసేస్తమని. రాసినంక చదివి వినిపించండి." రాయక తప్పలేదు.

గాలయ్య పడవను గుంజ దగ్గరికి తెచ్చి మోటరు ఆపాడు. సుత్తి చేతిలో ఉంది. బక్కయ్య తల పైకెత్తి చాలా మెల్లగా, గట్టుకు వినబడకుండా అన్నాడు.

"కొట్టు బావా. నా మీద కోపముంటే నన్ను దిట్టు. చేపల కోసమన్న కొట్టు. గుంజ పడకుంటే రేపటికల్ల వలలు దిగుతయ్."

"ఎవ్వరియి దిగుతయ్?"

బక్కయ్య చూపును గుంజ మీదికి దించాడు. బురదలో అతడి కాళ్లు కొద్దికొద్దిగా దిగబడుతున్నాయి, గుంజ మాత్రం నిటారుగానే ఉంది. పట్టుకోవడంలో అతడిని మించినవాడు లేడు. ఒక్క దెబ్బ. ఆ దెబ్బ కోసం భుజంలోని నరం తనంతట తానే బిగుసుకోవడం గాలయ్యకు తెలిసింది. సుత్తిని పలక కిందికి తోసేశాడు. మోటరు తిప్పి వెళ్లిపోయాడు.

"పాతుటకు నిరాకరించినాడు" అని పంచనామాలో చేరింది. ఉత్తర్వు ఇంకా రాలేదు.

ఆనాటి నుంచి గాలయ్య ప్రతి తెల్లవారుజామునా, మళ్లీ మునిమాపునా, ఆ మిగిలిన నీటి చుట్టూ పడవలో తిరుగుతున్నాడు. గుంజలు ఉండవలసిన చోట తాను. సంఘంలో చాలామంది వలలు దండేల మీదే ఉంచారు, అతడి ముఖం చూసి. "ఎన్ని దినాలు తిరుగుతవ్?" అని యాదవ్వ అడిగితే, "మునిగినదాక," అన్నాడు.

ఐదో రోజున తూము దగ్గర నీటి మీద సీసా బిరడాలు తేలుతూ కనిపించాయి. వల. మోటరు ఆపి చేత్తో లాగాడు. నిండు కడుపుతో ఉన్న రవ్వ చేపలు మూడు, ఒక బొచ్చె. ఒక్కొక్కదాన్నే మొప్పలు చిరగకుండా విడిపించి నీళ్లలోకి వదిలాడు. ఇంకో చిన్న రవ్వ మాత్రం చేతికి వచ్చేసరికే చచ్చి ఉంది. వల చివర రాతికి కట్టిన తాడు దగ్గరికి వచ్చాక అతడి వేళ్లు ఆగాయి. ముడి ఎదురు తిరిగి ఉంది.

నడుముకు కత్తి ఉంది. దాన్ని తీయలేదు. ఎడమ కొసను లోపలికి నెట్టి, బొటనవేలితో వదులు చేసి, ఇరవయ్యేడేళ్లు విప్పినట్టే విప్పాడు. వలను దులిపి, మడిచి, తీసుకెళ్లి ముందు పలక మీద పెట్టాడు. దాని పక్కన చచ్చిన రవ్వను పెట్టాడు.

తడి వల బరువుకు పడవ ముక్కు కొంచెం కిందికి దిగింది. మనిషి కూర్చుంటే దిగేంత కాదు. గాలయ్య మోటరు తిప్పి, బక్కయ్య ఇల్లున్న ఒడ్డు వైపు తోలాడు.