నేను తేల్చిన దొంగ ఫోటో

సిద్దిపేటలో నా ఫోటో స్టూడియో ముందు నుంచి వెళ్లేవాళ్లు కొందరు ఇప్పటికీ లోపలికి తొంగిచూసి, "బర్రె మంచిగున్నదా తమ్మీ?" అని అడిగి నవ్వుకుంటూ పోతారు. ఆ బర్రె కథ చెబితే నా పరువు పోతుంది. చెప్పకపోయినా మిగిలిందేమీ లేదు కాబట్టి చెప్పేస్తాను. ఒక అక్కాతమ్ముళ్ల తగవు తీర్చబోయి, నా శాస్త్రంతో నన్ను నేనే పట్టుకున్న ఘనకార్యం ఇది.

అప్పట్లో హైదరాబాదులో నాకొక శిక్షణ తగిలింది. తగిలింది అనే అనాలి, దెబ్బ అలాంటిది. దొంగ ఫోటోలను, దొంగ వీడియోలను ఎలా పట్టుకోవాలో నేర్పించారు. నీడ ఏ పక్కకు పడింది, వెలుగు ఎటు నుంచి వచ్చింది, అంచుల దగ్గర చుక్కలు ఎలా చెదిరాయి, ఇలాంటివి. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. దానికి ఫ్రేము కట్టించి దేవుడి పటం పక్కన పెట్టి, షాపు ముందు కొత్త బోర్డు రాయించాను: "ఇచ్చట ఫోటోల, వీడియోల నిజానిజాలు తేల్చబడును." దాని కింద "పాస్‌పోర్ట్ ఫోటోలు వెంటనే ఇవ్వబడును" అనే పాత అక్షరాలు అలాగే ఉన్నాయి.

మీకు ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. నా బతుకుతెరువే అతుకులు. పెళ్లి ఆల్బమ్‌లో గల్ఫ్‌లో ఉన్న అన్నను, అలిగి రాని పెద్దనాన్నను, ఎప్పుడో కాలం చేసిన తాతను కూడా కొత్త జంట పక్కన నిలబెట్టేవాడిని. తాతకు కొత్త అంగీ కూడా తొడిగేవాడిని. పొద్దంతా అతికించేవాడు అతుకులు పట్టిస్తానని బోర్డు పెట్టడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకు అనిపించలేదు.

బోర్డు రంగు ఆరకముందే నంగునూరు నుంచి నర్సవ్వ, ఆమె భర్త ఎల్లయ్య, చేతిలో పెళ్లి ఆల్బమ్‌తో దిగారు. వెనకాల మిరుదొడ్డి నుంచి ఆమె తమ్ముడు సాయిలు. కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి, మాట తక్కువ. ముగ్గురూ ఒకే బల్ల మీద కూర్చున్నా మధ్యలో ఎల్లయ్య గోడలా ఉన్నాడు.

"సార్," అంది నర్సవ్వ. ఆ పిలుపుకే నేను కుర్చీలో కొంచెం పైకి లేచాను. "మా పెద్దబిడ్డ పెండ్లికి వీడు రాలే. మేనమామ అయ్యుండి పిల్లను పీటల మీదికి తోల్కరాలే, నాకు చీర పెట్టలే. పరాయోళ్ల ముంగట నా తల తీసేసినట్టయింది. ఇన్నేండ్లసంది మాటల్లేవు. మొన్న అల్లుని ఇంటికాడికెళ్లి ఆల్బమ్ తెస్తే అండ్ల నా పక్కనే నిలబడి ఉన్నడు. అతికిచ్చుకున్నడు సార్."

"బస్సు దొరకక ఆలస్యమైంది గని, పోయిన సార్," అన్నాడు సాయిలు. "గాడ నా కాళ్ల మీద నేను నిలబడ్డ."

"నా పక్కన నిలబడ్డవా?"

సాయిలు తలదించుకున్నాడు. ఎల్లయ్య నా వైపు తిరిగాడు. "వచ్చే వారం చిన్నబిడ్డ పెండ్లి సార్. మేనమామను పిలుసుడా, వద్దా? మీరు ఎట్ల తేలిస్తే అట్ల."

చూశారా, ఒక ఇంటి తోబుట్టువుల బంధం తెచ్చి నా చేతిలో పెట్టారు. తెలివైనవాడు అక్కడే చాయ్ తాగించి పంపేవాడు. నేను భూతద్దం తీశాను.

ఫోటోలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, నర్సవ్వ, ఎల్లయ్య, వియ్యంకులు, ఓ చివర నర్సవ్వ పక్కన పళ్లెంలో కొత్తబట్టలు పట్టుకుని సాయిలు ఉన్నారు. దాన్ని స్కాన్ చేసి, గోడకున్న పెద్ద టీవీలో పెట్టాను. పక్క చాయ్ హోటల్ నుంచి జనం వచ్చి గుమ్మంలో మూగారు. అంతమంది కనబడేసరికి నాకు గొంతు పెరిగింది.

"చూడండి. అందరి మీద వెలుగు ఎడమ నుంచి పడుతోంది. ఈయన మీద మాత్రం కుడి నుంచి. అందరి కాళ్ల కింద నీడ లేదు, ఈయనకు ఉంది. అంటే ఈయన వీళ్లలో కలవడు. అంటే ఈయన అతుకు."

నర్సవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నేను చెప్పలే? పిలుసుడు లేదు, ఏం లేదు."

సాయిలు కండువా దులుపుకుని లేచాడు. నేను అక్కడితో ఆగానా? లేదు. "అతికించినవాడు కూడా శుద్ధ మొద్దు. వాడికి కెమెరా కాదు, పార ఇవ్వాలి," అని తీర్పుకు అలంకారం తొడిగాను.

ఎల్లయ్య నెమ్మదిగా ఆల్బమ్ చివరి పేజీ తిప్పి నా ముందు పెట్టాడు. అక్కడ నా స్టూడియో పేరు ఉంది. దాని పక్కన నల్లద్దాలు, గడ్డం, టోపీతో అప్పటి నా ఫోటో కూడా ఉంది. అప్పుడు వియ్యంకుల తరఫున వెళ్లి తీసినట్టున్నాను. ఏటా ఎన్ని పెళ్లిళ్లు తీస్తాం, ఎవరి మొహం గుర్తుంటుంది చెప్పండి.

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను తగ్గలేదు. "ఇంకా మంచిది. అసలు ఫైలు నా దగ్గరే ఉంది. అతికించిన ప్రతి మనిషీ అందులో విడి పొరగా ఉంటాడు. నొక్కితే ఆ మనిషి మాయమవుతాడు. ఈయన మీ కళ్ల ముందే మాయమవుతాడు, చూడండి."

పాత డిస్కు వెతికి ఫైలు తెరిచి, పై పొరను నొక్కాను. పెళ్లికొడుకు మాయమయ్యాడు.

"ఒక్క నిమిషం," అని ఇంకోటి నొక్కాను. పెళ్లికూతురు పోయింది. తర్వాత వియ్యంకుడు, వియ్యపురాలు. ఎల్లయ్య పోయినప్పుడు బల్ల మీది ఎల్లయ్య తన చెయ్యి తాను తడుముకున్నాడు. చివరికి నర్సవ్వ కూడా పోయింది.

"నా బిడ్డ పెండ్లిల నేను గూడ లేనా?" అంది ఆమె.

టీవీలో ఖాళీ స్టేజీ మీద, బట్టల పళ్లెం పట్టుకుని సాయిలు ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆ ఫోటో మొత్తంలో నిజమైన మనిషి ఆయనే. మిగతా బలగమంతా నా చేతి అతుకు. అందరిలో కలవని ఒక్కడు దొంగ అనుకున్నాను గానీ, అందరూ దొంగలై ఆ ఒక్కడే నిజం కావచ్చని నా సర్టిఫికెట్ బుర్రకు తట్టలేదు.

సాయిలు చివరి పేజీలోని నల్లద్దాల మొహాన్ని చూశాడు, నన్ను చూశాడు. "గీ అద్దాలోడే అక్కా. నేను పోయేసరికి పిల్లా పిలగాడు బట్టలు మార్సుకోను పోయిన్రు. వీడు నన్ను స్టేజెక్కిచ్చి, 'లైటు చూస్తున్న, కదలకు' అన్నడు. అంతట్ల లొల్లి లేసింది. అందరు ఉరికిన్రు, వీడు గూడ ఉరికిండు. కదలకు అన్నడు గదాని నేను కదల్లే."

"ఏం లొల్లి?" అని నేను అడుగుతూనే ఉన్నాను, అన్నీ గుర్తొచ్చేశాయి. వంటల టెంటులో బర్రె దూరింది. బగార అన్నం వండిన పెద్ద గంజులో మూతి పెట్టింది. ఊరంతా దాని వెంట పడితే, నేను కెమెరాతో ఊరి వెంట పడ్డాను. ఆ గందరగోళంలో గ్రూపు ఫోటో తీయడం మరిచిపోయాను. ఆల్బమ్ చేసేటప్పుడు లైటు బాగా కుదిరిన ఆ పరీక్ష ఫోటో ఒక్కటే కనబడితే, ఆయన ఎవరో కూడా తెలియకుండా వేరే ఫోటోల్లోంచి అందర్నీ తెచ్చి చుట్టూ అంటించేశాను.

"నిలబడి నిలబడి, ఆలస్యమైందని నువ్వు కోపంతోని వస్తలేవనుకోని వాపసు పోయిన," అన్నాడు సాయిలు. "ఆ చీర ఇంక మా ఇంట్ల బీరువలనే ఉన్నది."

నర్సవ్వ టీవీ వైపే చూస్తూ ఏడ్చేసింది. ఎల్లయ్య బల్ల మీద నుంచి లేచి ఇవతలకు జరిగాడు. అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. అది చూసి ఆమె నా వైపు తిరిగింది. సార్ అనే మాట అప్పటికే గాలిలో కలిసిపోయింది. "నువ్వెందుకు ఏడుస్తున్నవ్ పిలగా? పార తెచ్చియ్యాల్నా?"

చిన్నబిడ్డ పెళ్లి ఫోటోలు నేనే ఉచితంగా తీయాలని అక్కడే తీర్మానమైంది. పెళ్లిలో సాయిలు పిల్లను పీటల మీదికి తెచ్చాడు. నర్సవ్వ ఆ పాత చీరే కట్టుకుని తమ్ముడి పక్కన నిలబడింది. నేను కెమెరా ఎత్తి అలవాటుగా "కదలకండి" అన్నాను.

"ముందుగాల బర్రెను కట్టేసి రా," అన్నాడు సాయిలు.

బోర్డు మీద ఇప్పుడు పాస్‌పోర్ట్ ఫోటోల అక్షరాలే ఉన్నాయి. కొమురెల్లి మల్లన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ఫోటోలోనూ ఎవరు నిజమో తేల్చను. ఇంకెవరినైనా కదలకు అన్నానంటే, వంటల టెంటులోకి ఏనుగొచ్చినా సరే, వాళ్లు స్టేజీ దిగేదాకా నేనూ అక్కణ్నుంచి కదలను.