నడిమధ్య కుర్చీ

హోమ్ థియేటర్లు బిగించే ఆయన్ని అందరూ జతలాయన అంటారు. ఎవరింటికి వెళ్లినా మనుషుల మొహాలు చూడకముందే స్పీకర్‌ను వెనక్కి తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, అక్కడ ఎన్ని ఓమ్‌లని రాసుందో చదువుతాడు. తర్వాత స్పీకర్లకి కరెంటు పంపే రిసీవర్ వీపు చూస్తాడు. రెండూ జత కుదరకపోతే వైరు ముట్టుకోడు. నిన్న సాయంత్రం ఒకింట్లో అలాగే చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

“స్పీకర్లు నాలుగు ఓమ్‌లవి. మీ రిసీవర్ ఆరుకి తగ్గితే తట్టుకోదు సార్.”

“నాలుగంటే తక్కువేగా?” అన్నాడు ఇంటాయన.

“ఓమ్‌లు తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతాయండీ. ఈ రిసీవర్ లేదనలేదు పాపం. ఇస్తూ ఇస్తూ వేడెక్కి చచ్చూరుకుంటుంది.”

“విన్నారా?” అంటూ ఇల్లాలు మొగుణ్ని మోచేత్తో పొడిచింది. ఇద్దరూ నవ్వుకున్నారు. జతలాయన స్క్రూలు ఏరుకుంటూ తల వంచుకున్నాడు. ఇంటాయన దుకాణానికెళ్లి ఎనిమిది ఓమ్‌లవి మార్చుకొచ్చాక అన్నీ బిగించి, అలవాటుగా ఆవిణ్ని సోఫా నడిమధ్యన కూర్చోబెట్టి, ఒక సినిమా పెట్టి, తను రిసీవర్ దగ్గర వంగాడు.

“మాట మధ్యలోంచే వస్తోందా అమ్మా?”

“కొంచెం ఎడమకి లాగుతోందండీ.”

సరిచేసి వచ్చేశాడు.

ఆయనింట్లోనూ ఒక సెట్టుంది. ఓమ్‌లన్నీ అచ్చంగా కుదిరిన సెట్టు, ఎదురుగా ఒకటే కుర్చీ. చెప్పులు విప్పి, సెట్టు వేసి, రిసీవర్ దగ్గర వంగి, “మధ్యలోంచే వస్తోందా?” అని అడిగాడు. ఖాళీ కుర్చీ వైపు చూశాడు. మోకాళ్లు పట్టుకుని లేచి, వెళ్లి ఆ కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని విన్నాడు.

“ఆ, వస్తోంది,” అన్నాడు, రిసీవర్ దగ్గర ఇంకా ఎవరో వంగి ఉన్నట్టు, వాళ్లకి వినపడేంత గట్టిగా.