సారు స్పానిష్‌లో చెప్పుకున్న కష్టం

నిన్న పొద్దున సారు భార్య ఫోన్ చేసింది. "మీ సార్ పోయినాడు పాపా" అని మాత్రం చెప్పి పెట్టేసింది. అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. మీతో చెప్పుకుంటే గానీ కుదుటపడేలా లేను.

అనంతపురంలో ఒక మిద్దె మీది గదిలో ఆయన మాకు స్పానిష్ నేర్పారు. కంబదూరు వైపు సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టి, ఇక్కడి సేవాసంస్థ ఆస్పత్రులకు స్పెయిన్ నుంచి వచ్చే డాక్టర్ల వెంట దుబాసీగా పల్లెలన్నీ తిరిగిన మనిషి. పుస్తకం తెరిచే ముందు ప్రతివాళ్ళూ తమ కష్టం ఒకటి స్పానిష్‌లో చెప్పాలి. కట్టుకథ పనికిరాదు. అంతా బాగుందంటే ఊరుకునేవారు కాదు.

"ఈ జిల్లాలో అంతా బాగుండేది ఎవురికమ్మా? చెప్పు, పోయి చూసొస్తా" అనేవారు.

మా అమ్మ రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడుతుంది. ఆమెకు చూపు తగ్గుతున్నా ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు. ఒకరోజు క్లాసులో "మె క్వెస్తా దోర్మీర్" అన్నాను, నిద్ర పట్టడం కష్టంగా ఉందని. ఎందుకని అడిగితే, వచ్చీ రాని మాటల్లో అమ్మ కళ్ళ గురించి మొత్తం చెప్పేశాను. సారు ఒక్క తప్పూ దిద్దలేదు.

"తెలుగులో సిగ్గు అడ్డమొస్తాది. స్పానిష్‌లో రాదు. అందుకే ఈడ చెప్పుకోండి" అన్నారు. ఆ వారమే అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆ ధైర్యం ఆయన ఇచ్చిందే.

పోయిన నెల ఆయన్ను ఆస్పత్రిలో చూడబోయాను. ఎట్లుందని భార్య అడిగితే "బాగానే ఉండా లే, ఊరికే గాబరా పడొద్దు" అన్నారు. వెంటనే నా వైపు తిరిగి, అదే నవ్వుముఖంతో, "మె క్వెస్తా రెస్పిరార్. తెంగో మియెదో" అన్నారు. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది, భయమేస్తోంది అని.

"మీ సార్ ఏమంటాండాడు పాపా?" అని ఆమె నన్నడిగింది.

సారు కళ్ళతోనే చెప్పొద్దన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా అందరి నోళ్ళూ విప్పించిన మనిషి, ఇంట్లో మనిషికి మాత్రం బాగున్నానని చెప్తాడా? రెండు మాటలూ తెలుగులో చెప్పేశాను.



"నాకు చెప్పుకోనీకి నోరు రాలేదా నీకు? నాకూ భయంగానే ఉండాది" అని ఆయనతో అంటూ ఆమె స్టూలు మంచం దగ్గరికి లాక్కుంది. ఆయన్ను లేపి తన భుజానికి ఆనించుకుని వీపు రుద్దసాగింది.

సారు కళ్ళు మూసుకున్నారు. "మే, ఆయాసంగా ఉండాది. ఇంగొంచెం పైన రుద్దు" అన్నారు ఆమెతో.