చౌడు చెక్క బెల్లం

మా ఇంట్లో చెరకు ఆడే రోజుల్లో ఆడవాళ్ళ చోటు నేలకంటే కింద ఉండేది. ఎత్తిపొడుపుకి అనడం లేదు, ఉన్నమాటే. బెల్లం వండే పెనం గట్టు మీద ఉంటుంది. దాని కింద మంట పెట్టడానికి గొయ్యి ఉంటుంది. ఆ గోతిలో కూర్చుని, ఎండిన చెరకు పిప్పిని గుప్పెడు గుప్పెడుగా పొయ్యిలోకి తోస్తూ ఉండాలి. కాపురానికి వచ్చిన ఏడే మా అత్త నా చేతికి ఎగదోసే కర్ర ఇచ్చి అక్కడ కూర్చోబెట్టింది. పైన పెనంలో ఏం జరుగుతోందో నాకు కనపడదు. పెనం పక్కన నిలబడ్డ మా మామగారి కాళ్ళు మాత్రం మోకాళ్ళ దాకా కనపడేవి.

పొద్దున్నే బండి కడితే ఎండ ముదిరేలోగా అనకాపల్లి చేరే పల్లె మాది. యుద్ధం రోజులు. కొత్త బట్టకు కరువు, కిరసనాయిలుకు కరువు. బెల్లానికి కరువు లేదు. అనకాపల్లిలో షావుకార్లు మా బెల్లం దిమ్మను వేలి కణుపుతో కొట్టి చూసి, ఇంకేమీ అడక్కుండా దింపించుకునేవారని మా ఆయన వచ్చి చెప్పేవారు. ఆ పేరంతా మామగారిది. పాకం చూసేది ఆయనే. రసం మరిగి మరిగి చిక్కబడ్డాక ఆయన "దించండి" అంటారు. అప్పుడు నలుగురు మనుషులు పెనం చెవుల్లో దూర్చిన కర్రలు భుజానికెత్తుకుని తొట్టిలో వంపుతారు. కాస్త ఆరాక గుడ్డ పరిచిన మూకుళ్ళలోకి ఎత్తితే తెల్లారేసరికి దిమ్మ కడుతుంది. ఆ మాట కాస్త ముందు పడితే బెల్లం గట్టిపడదు. కాస్త వెనక పడితే మాడి నల్లబడుతుంది. అందుకే ఆ మాట ఎవరిదైతే మంచీ చెడూ వాళ్ళదే.

ఆ మాట నేను అనాలని నాకు పట్టుదల పుట్టింది.

ఎందుకు పుట్టిందో చెబుతాను. నేను రెండో తరగతిలో ఉండగా మా చెల్లెలు పుట్టింది. ఉయ్యాల ఊపే మనిషి కావాలని నన్ను బడి మాన్పించారు. గుణింతాలు అయ్యాయి, ఒత్తులు సగంలో ఉన్నాయి. మిగతా ఒత్తులు తర్వాత కొట్టులో పప్పు, జీలకర్ర పొట్లం కట్టిన కాగితాల మీద నేర్చుకున్నాను. ఏ కాగితమూ ఊరికే పారేసేదాన్ని కాదు. అత్తారింటికి వచ్చాక చూస్తే ఇక్కడా అంతే. చెరకు ముక్కలు నాటేది మేము, కలుపు తీసేది మేము, చెరకు పడిపోకుండా ఆకు చుట్టేది మేము, మంట పెట్టేది మేము. అసలు పని దగ్గరికి వచ్చేసరికి మమ్మల్ని పక్కకు తప్పించేవారు. ఏ పనీ మొదటి నుంచి చివరిదాకా నా చేతుల మీదుగా నడవలేదు. ఒక్కటంటే ఒక్కటి నడవాలి అనుకున్నాను. డబ్బు కోసం కాదు, మెప్పు కోసం అంతకంటే కాదు. సగం పనులు చేసి చేసి విసుగెత్తింది.

మా పొలం చివర పల్లంలో ఒక చెక్క, అంటే చిన్న నేల ముక్క, ఉండేది. చౌడు. ఎండాకాలం వస్తే నేల మీద తెల్లగా ఉప్పు పేరుకునేది. గేదెలు కూడా మొహం తిప్పుకునేవి. దాన్ని అడుగుదామనుకున్నాను. అడగడమైనా తిన్నగా కుదరదు. మా ఇంట్లో కోడళ్ళు మామగారి ఎదుట నోరు విప్పకూడదు. ఏ మాటైనా అత్త చెవిలో వేస్తే, ఆవిడ ఆయన చెవిలో వేయాలి. జవాబు కూడా అదే దారిన తిరిగి రావాలి.

"ఆ సౌడులో గడ్డే మొలవడం లేదు, సెరుకు మొలుత్తాదేటి?" అంది అత్త.

"ఊరికే పడున్న నేలే గదత్తా. నాట్లయ్యాక మిగిలిపోయిన ముక్కలే ఏసుకుంటాను. ఇంట్లో పని తగ్గనివ్వను."

అరుగు మీద ఉన్న మామగారు అంతా విన్నారు. అయినా అత్తతోనే అన్నారు. "ఏసుకోమను. దిమ్మ గట్టిగా కడితే ఆ సెక్క తనదే, ఏటేటా తనే వండుకోమను. కట్టకపోతే గేదెల మేతకి ఒగ్గీమను."

ఆ మాట పట్టుకుని ఆ మాఘమాసం వెళ్ళాక నాటాను.

నాకు ధీమా ఉండేది. గోతిలో కూర్చున్న అన్నేళ్ళలో నేను పాకం చెవితో నేర్చుకున్నాను. రసం మొదట సలసల మరుగుతుంది. నీరు తగ్గేకొద్దీ గలగలమంటుంది. ఆఖర్న బరువెక్కి తపతపమంటుంది. ఆ తపతపల మధ్య ఎడం పెరిగినప్పుడే మామగారి కాళ్ళు కదిలేవి, "దించండి" అని వినపడేది. ఒక్కసారి కూడా నా లెక్క తప్పలేదు. పెనం కళ్ళతో చూడకపోయినా నాకు పాకం వచ్చేసిందనుకున్నాను.

చెరకు ఆడే రోజు వచ్చింది. నా చెరకు కురచగా, కణుపులు దగ్గర దగ్గరగా ఉంది. అయినా ఒక పెనం రసం అయింది. నేను గోతిలోంచే గట్టు మీద కర్రతో కొట్టి చెప్పేటట్టు, ఆ చప్పుడు వినగానే పెనం దించేటట్టు అనుకున్నాం. తపతప మొదలైంది, ఎడం పెరిగింది. కొట్టాను. దించారు.

తెల్లారి మూకుళ్ళు బోర్లిస్తే దిమ్మ రాలేదు. ముద్ద జారింది. మధ్యాహ్నానికి దానికి చెమట కూడా పట్టింది. మా తోటికోడలు వేలితో తీసి సాగదీసి చూసింది.

"ఓలమ్మ సెల్లీ, పారీకే. పిల్లలకిత్తే గాలిపటాలు అంటించుకుంటారు."

పొయ్యి దగ్గర మనుషులంతా నవ్వారు. మా ఆయన కూడా తల తిప్పుకుని నవ్వారు, నేను చూశాను. మామగారు నవ్వలేదు. దుబ్బులు తవ్వించేయమని, వానలు పడగానే గడ్డి వేయమని మా ఆయనతో చెప్పి వెళ్ళిపోయారు.

చెరకు నరికాక నేలలో మిగిలే మోళ్ళను మేము దుబ్బులంటాం. తవ్వకుండా నీళ్ళు పెడితే వాటి నుంచే మళ్ళీ చెరకు లేస్తుంది. దాన్ని కార్శి తోట అంటారు. దుబ్బులు తవ్వేస్తే ఇక నా చెక్క పోయినట్టే. అత్త పెరట్లో చోళ్ళు, అదే రాగులు, చెరుగుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఒక్క ఏడు ఒగ్గీమను అత్తా. కార్శికి ఇత్తనం అక్కర్లేదు, నాటు కూలీ అక్కర్లేదు. ఊరికే వత్తాది. ఊరికే వచ్చేదాన్ని కూలిచ్చి తవ్వుకుంటామేటి?"

పొదుపులో మా అత్త నన్ను మించినది. చేట ఆపి నా మొహం చూసింది. మళ్ళీ చెరగసాగింది. సాయంత్రం అరుగు దగ్గర ఏం మాట్లాడిందో తెలియదు, దుబ్బులు తవ్వే మనిషి మాత్రం రాలేదు.

గట్టిపడని ఆ బెల్లాన్ని పారేయడానికి నాకు చేతులు రాలేదు. జాడీలోకి ఎత్తి ఉట్టి మీద పెట్టాను. ఇంట్లో ఎవరూ ముట్టలేదు. నేనే రోజూ చోడంబలిలో కలుపుకుని తిన్నాను. దుబారా కాకూడదని మొదలుపెట్టాను. అలా తినగా తినగా నాలుక చివర ఏదో తగులుతోందని తెలిసింది. తీపి వెనకాల సన్నగా ఉప్పు. అప్పుడు పొలానికి వెళ్ళి చూశాను. పై మడుల్లోని మురుగు నీరంతా నా చెక్కలోకి దిగి అక్కడే ఆగిపోతోంది. నేల ఉప్పు, నీరు ఉప్పు, రసమూ ఉప్పే. అలాంటి రసం నురగ ఎక్కువ పొంగుతుంది, ఆ రోజూ అలాగే పొంగిందని మా ఆయన చెప్పారు. ఆ దట్టమైన నురగ కింద చప్పుడు ముందే బరువెక్కుతుంది. నేను విన్న తపతప పాకానిది కాదు, నురగది. గోతిలో కూర్చున్నంతకాలం నాకిది తెలిసేది కాదు.

ముందు నీటి సంగతి చూశాను. గట్టు వెంట కాలువ తవ్వి ఆ నీటిని పక్కనున్న గెడ్డలోకి, అంటే వాగులోకి, మళ్ళించాను. తర్వాత మట్టి. ఎండిన చెరువు అడుగు నుంచి ఒండ్రు తెచ్చి దుబ్బుల చుట్టూ పోయాలి. దానికి కూలి మనిషిని అడిగితే ఇంట్లో ఇస్తారా? రోజూ నీళ్ళకు వెళ్ళేముందు ఒక తట్ట తెచ్చి పోసేదాన్ని. ఒక్క తట్టే. అంతకంటే ఎక్కువ మొదలుపెడితే రెండు రోజులు చేసి మూడో రోజు మానేస్తానని నాకు తెలుసు.

ఆషాఢంలో ఒక వాన కురిసి నా కాలువ గట్టు తెగిపోయింది. పోసిన మట్టి సగం కొట్టుకుపోయింది. తెగిన గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాను. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఇంకేమీ చేయబుద్ధి కాలేదు, అంతే. ఇప్పటి పిల్లలు మా ఇంట్లో "మనసు రావడం లేదు నానమ్మా" అంటారే, ఆ రోజు నా పరిస్థితి అదే. వాళ్ళకు చెప్పేదే ఇక్కడా చెబుతాను. పిప్పి ఒక్కసారిగా కుమ్మరిస్తే పొయ్యి నిండా పొగ. అలిసిపోయానని చేయి ఆపితే మంట చస్తుంది. గుప్పెడు వేస్తూ ఉంటే మండుతూనే ఉంటుంది. వేసేవాడికి ఆ పూట మనసు ఉందా లేదా అని పొయ్యి అడగదు. మర్నాడు కూడా మనసు లేకుండానే తట్ట ఎత్తుకున్నాను. మనసు ఎప్పుడు తిరిగి వచ్చిందో గుర్తులేదు. పని చేస్తుండగా ఎప్పుడో వచ్చి ఉంటుంది.

మళ్ళీ చెరకు ఆడే రోజులు వచ్చాయి. ఈసారి నేను పెనం పక్కన నిలబడాలి. మరి గోతిలో మంట ఎవరు పెడతారు? తోటికోడలు రానంది. అత్తకు మోకాళ్ళ నొప్పులు. రాత్రి అన్నం పెడుతూ మా ఆయనతో చెప్పాను, మీరే కూర్చోవాలని. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగారు. పిప్పి బాగా ఎండిందా అని అడిగారు. అదే ఒప్పుకోవడం.

గానుగ ఎద్దులు తోలే అతను గోతిలో మా ఆయన్ని చూసి ఊరుకుంటాడా?

"ఏటి బావా, పెళ్ళాం పైనా, నువ్వు గోతిలోనా? కాపురం తిరగబడిందేటి?"

"నన్ను మాటల్లో ఎట్టకు బావా. మంట తగ్గిందంటే పైనించి తిట్లు పడతాయి" అన్నారు మా ఆయన. కర్ర మాత్రం ఆపలేదు.

చెంగు తల మీదికి లాక్కుని పెనానికి ఇవతల నిలబడ్డాను. అవతల మామగారు. అంత దగ్గర నుంచి పెనం చూడటం అదే మొదలు. మడ్డి తీశాను, నురగ అణగడానికి చుక్క ఆముదం వేశాను. తపతప మొదలైంది. నిరుడు విన్న చప్పుడే. మాట నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగపట్టాను. గరిటెతో కాస్త తీసి చన్నీళ్ళ ముంతలో వేసి వేళ్ళతో దగ్గరికి తీశాను. ఉండ కట్టింది గానీ చదునుగా జారిపోయింది. ఇంకా ఉంది. మనుషులు కర్రలు దూర్చి సిద్ధంగా ఉన్నారు. అందరూ మామగారి మొహం చూస్తున్నారు. నేను పెనం చూస్తున్నాను. నురగ తగ్గింది. వాసన మారింది. మళ్ళీ ముంతలో వేశాను. ఈసారి ఉండ గట్టిగా వచ్చింది. ముంత అంచుకు కొడితే ఠంగుమంది.

"దించండి" అన్నాను.

మామగారి ఎదుట నా గొంతు పలకడం అదే మొదలు. ఎవరూ కదల్లేదు. మామగారు అటు తిరిగి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టారు. పెనంలో పాకం ఆగదు కదా.

"దించండి. మాడితే నాది" అన్నాను మళ్ళీ, గట్టిగా.

ఎత్తారు.

మూకుళ్ళలో పరవడానికి కొత్త గుడ్డ ఎక్కడిది? నా పాత చీర చించి పరిచాను. రాత్రి నిద్ర పట్టిందంటే అబద్ధం. తెల్లారి అందరూ చూస్తుండగా మొదటి మూకుడు బోర్లించాను. దిమ్మ దిగింది. గుడ్డ ఒలిస్తే నా చీర అంచు గళ్ళు దాని మీద అచ్చు పడి ఉన్నాయి. మా తోటికోడలు వేలు పెట్టబోయి, గట్టిగా ఉండడం చూసి చేయి వెనక్కి తీసుకుంది.

మామగారు వచ్చి వంగారు. కణుపుతో ఒకసారి కొట్టారు. గోటితో అంచు గిల్లి నోట్లో వేసుకున్నారు. అత్త అక్కడే ఉంది. అయినా ఆయన ఆవిడ వైపు తిరగలేదు.

"అమ్మీ" అన్నారు నాతోనే. "ఇంకా ఉప్పుంది. దుబ్బులు ఒగ్గీ. మట్టి ఇంకా పొయ్యాల."

అలాగే అన్నట్టు తలాడించాను. దిమ్మలన్నీ బండికెక్కించాక ఆ చీర గుడ్డలు వేడినీళ్ళలో ఉడికించి, ఆరేసి, మడతపెట్టి అటక మీద దాచాను. వచ్చే ఏడాదికి కావాలి కదా. తట్ట తీసుకుని చెరువు వైపు నడిచాను.