తాండూరు గొర్రెలు ఒప్పుకున్న గాలి

నేను తాండూరు వెళ్లింది గొర్రెల కోసం. నవ్వితే నవ్వండి. అక్కడ బషీరాబాద్ రోడ్డు మీద, నాపరాళ్లకు వార్నిష్ లాంటి లక్కర పూసి మెరుగుపెట్టే చిన్న కార్ఖానా ఒకటుంది. దాని గొట్టంలోంచి వచ్చే థిన్నర్ వాసనకు బాలమ్మ అనే ఆవిడ గొర్రెలు ఆ దారిన నడవడం మానేశాయి. మేతకు పోను వేరే దారి లేదు. ఊళ్లో పెద్దలు కూర్చుని తేల్చారు: గొర్రెలు మళ్లీ నడిచేదాకా కార్ఖానా బంద్. యజమాని రాఘవరెడ్డి గారు లబోదిబోమని మా కంపెనీకి ఫోన్ చేశారు. ఇలాంటి వాసనను మంట లేకుండా కాల్చే యంత్రాలు బిగించడం మా పని. యంత్రాన్ని ముందే లారీలో పంపేశాం. దాని గుండెకాయ లాంటి దిమ్మ మాత్రం దారిలో పగులుతుందని, మా మేనేజరు నా ఒళ్లో పెట్టి పంపాడు. ఇంజనీరింగ్ చదివింది ఇందుకా అని అడగాల్సింది, అడగలేదు.

పొద్దున ఏడున్నరకు లింగంపల్లిలో రైలెక్కాను. కిటికీ సీటు దొరికింది గానీ, ఒళ్లో అట్టపెట్టెతో కాలు కదపడానికి లేదు. పెట్టెలో పింగాణీ దిమ్మ, దాని నిండా సన్నటి బెజ్జాలు, బెజ్జాల లోపల పలచగా ప్లాటినం పూత. శంకర్‌పల్లి దాటాక, ఎదురుగా కూర్చున్న మోమిన్‌పేట్ ఆయన పెట్టెలోకి తొంగి చూసి ఇక ఆగలేకపోయాడు.

"మేడం, గిది కూలర్‌ల పెట్టే జాలీనా?"

"కాదండీ. చెడ్డ వాసనను వేడి చేసి దీంట్లోంచి పంపితే నీటి ఆవిరీ, బొగ్గుపులుసు గాలీ అయిపోతుంది. ఇది మాత్రం అరగదు, కరగదు."

ఆయన ఇంకోసారి తొంగి చూశాడు. "మా బామ్మర్ది సాక్సులకు పనికొస్తదా?"

"మూడు వందల డిగ్రీల వేడి కావాలి."

"వాడు తట్టుకుంటడు" అని చెప్పి వికారాబాద్‌లో దిగిపోయాడు.

వికారాబాద్‌లో రైలు కాసేపు ఆగింది. కిటికీలోంచి మిర్చి బజ్జీలు కొని, పెట్టె మీదే పెట్టుకుని తిన్నాను. ధారూర్ దాటాక కంది చేలు, ఆ తర్వాత బండల గనులు. తాండూరులో దిగేసరికి తొమ్మిది దాటింది. స్టేషన్ బయట షేర్ ఆటోలు ఉంటాయి. పెట్టెకు కూడా సీటు తీసుకోవాల్సిందే అన్నాడు డ్రైవరు. తీసుకున్నాను, అయినా పెట్టె నా ఒళ్లోనే వచ్చింది.

రాఘవరెడ్డి గారు కార్ఖానా గేటుకు మామిడి తోరణం కట్టి ఎదురుచూస్తున్నారు. తినందే పని మొదలుపెట్టనివ్వరట. దిమ్మను బల్ల మీద పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి, లోపలికి వెళ్లి జొన్నరొట్టె, కందిపప్పు తిన్నాను. ఆ పప్పు రుచికి ఇంకో రొట్టె అడగడమే నా కొంప ముంచింది.

బయటికొచ్చి చూద్దును కదా, దిమ్మకు నాలుగు వైపులా పసుపు, నడుమ కుంకుమ బొట్టు, పైన బంతిపూల దండ. బెజ్జాల్లో వరసగా ఊదుబత్తులు గుచ్చి వెలిగించారు. రెడ్డి గారు సరిగ్గా దాని మీద కొట్టడానికి కొబ్బరికాయ ఎత్తి ఉన్నారు.

"ఆపండి" అని నేను వేసిన కేకకు కొబ్బరికాయ ఆయన కాలి మీద పడి, నేలకు తగిలి పగిలింది.

"కొత్త మిషిన్‌కు పూజ చెయ్యకుంట ఎట్ల నడుపుతం మేడం?" అన్నారు కాలు పట్టుకుని. "గిన్ని బొక్కలున్నయి గదా, ఊదుబత్తులకే అనుకున్నం."

"ముట్టుకోవద్దన్నాను కదండీ."

"ముట్టుకోలే. బొట్టు పెట్టినం."

నాకు ఏడుపొచ్చింది. పసుపు బెజ్జాల్ని మూసేస్తే గాలి ఆడదు. కుంకుమలో ఏ రంగు కలిపారో ఏమో, దానికి ప్లాటినం పూత చచ్చి, వాసనను కాల్చడమే మానేసినా మానేస్తుంది. ఇంకో దిమ్మ రావాలంటే నెలలు పడుతుంది, అప్పటిదాకా కార్ఖానా బందే. పనివాళ్లంతా నా మొహమే చూస్తున్నారు. ఊదుబత్తులు ఒక్కొక్కటే పీకి, కంప్రెసర్ గొట్టంతో బెజ్జాల్లోకి గాలి కొట్టాను. అవతల నిలబడ్డ రెడ్డి గారు నెత్తి నుంచి చెప్పుల దాకా పసుపైపోయారు.

మధ్యాహ్నానికి దిమ్మను బిగించి హీటరు వేశాం. వేడెక్కాక థిన్నర్ గాలి వదిలి, గొట్టం బయట గాలి పీల్చి చూశాను. వెచ్చటి గాలి తప్ప ఏమీ లేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ ఊళ్లో నా ముక్కుకు విలువ లేదు.

కబురందుకుని బాలమ్మ గొంగడి భుజానేసుకుని మందను తోలుకొచ్చింది. "వాసనను కాల్చేటిది నువ్వేనా బిడ్డా?" అని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. మంద గోడ దాకా వచ్చి ఆగిపోయింది. ముందున్న పొట్టేలు ముక్కు పైకెత్తింది. రెడ్డి గారు కళ్లు మూసుకున్నారు. పొట్టేలు నడిచింది. దారి వెంట కాదు, తిన్నగా గేటులోకి. దాని వెనకే మంద మొత్తం. తోరణం తిన్నాయి, బంతిపూల దండ తిన్నాయి, కొబ్బరి చిప్ప నాకాయి, చివరికి వెచ్చటి గొట్టం పక్కన చేరి పడుకున్నాయి.

"నడిచినయి పటేలా, తెరుసుకో" అంది బాలమ్మ. రెడ్డి గారు ఏడ్చేశారు. మొహం మీది పసుపులో చారలు పడ్డాయి. నేనూ ఏడ్చానేమో, నన్నెవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం అయిదింటి రైల్లో తిరుగు ప్రయాణం. ఒళ్లో ఏమీ లేకపోతే ఇంత సుఖంగా ఉంటుందా అనుకుంటూ కాళ్లు చాపుకున్నాను. తాండూరు వెళ్లేవాళ్లు కందిపప్పు తప్పకుండా తినండి. మంచి మనుషులు, కాకపోతే వాళ్ల చేతికి బెజ్జమున్న వస్తువేదీ ఇవ్వకండి. ఇంతలో రెడ్డి గారి ఫోన్.

"మేడం, గొర్లు పోతలేవు. బాలమ్మ కొట్టినా లేస్తలేవు. లారీని లోపటికి రానిస్తలేవు. మల్ల బందే అయ్యేటట్టున్నది."

"నన్నేం చెయ్యమంటారండీ?"

ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "జర వాసన వచ్చేటి మిషిన్ ఏమన్న ఉంటదా?"

ఒక్క పావుగంట హీటరు ఆపి థిన్నర్ గాలి వదలండి అన్నాను.